టెక్నో మిక్సింగ్: టెంపో, కీ కలిపేటప్పుడు అడుగు స్వరం చెడకుండా

డీజే లైబ్రరీలో 4ఎ (కీలకు అంకెలిచ్చే క్యామెలాట్ చక్రంలో ఎఫ్ మైనర్ గుర్తు) అని రాసి ఉన్న ట్రాకు, పిచ్ ఫేడర్ (ట్రాకు వేగం మార్చే జారుడు మీట) జరిపాక కూడా 4ఎ గానే ఉంటుందని అనుకోవద్దు. 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్ల వేగంలో) తయారైన ఎఫ్ మైనర్ ట్రాకును మాస్టర్ టెంపో (వేగం మారినా శ్రుతి కదలకుండా ఉంచే బటన్) వేయకుండా 134కి లాగితే దాని శ్రుతి 79 సెంట్లు పైకి పోతుంది. హార్మోనియం మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు, అదే ఒక సెమీటోన్. అంటే మీ ఎఫ్ మైనర్ ఇప్పుడు ఎఫ్ షార్ప్ మైనర్‌కి దగ్గరగా వచ్చింది, కానీ పూర్తిగా అక్కడికి చేరలేదు. దీన్ని 3ఎ, 5ఎ ట్రాకులతో కలిపితే చక్రం ప్రకారం తప్పు లేదు, చెవికి మాత్రం అపస్వరం.

టెక్నోలో ఈ అపస్వరం ముందుగా బయటపడేది అడుగున, కిక్ (డ్రమ్ లావు దెబ్బ), బేస్ ఉన్న చోట. పాట, తీగలు ఎక్కువగా ఉండే సంగీతంలో కీ గొడవ మధ్య స్వరాల్లో వినిపిస్తుంది. టెక్నోలో కిక్‌కీ, దాని వెనక దొర్లే రంబుల్‌కీ కూడా ఒక స్వరం ఉంటుంది. అది ఎక్కువగా 43 నుంచి 60 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో టెంపో మొదట, అడుగు స్వరం తర్వాత, చక్రం మీది అంకె ఆఖరున వస్తాయి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని

సెట్‌లో వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం లైబ్రరీలోనే ఉంటుంది. ట్రాకును రెకార్డ్‌బాక్స్, ట్రాక్టర్ లాంటి డీజే సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించాక బీట్‌గ్రిడ్‌ని (బీట్లు ఎక్కడ పడతాయో చూపే గీతల వరసని) మూడు చోట్ల పరీక్షించండి: మొదటి కిక్, మధ్యలో బ్రేక్‌డౌన్ (కిక్ ఆగిపోయే భాగం) తర్వాత కిక్ తిరిగి వచ్చే చోటు, చివరి 32 బార్లు (ఒక బార్ అంటే 4 బీట్లు). గ్రిడ్ మెట్రోనోమ్ పెట్టుకుని వింటే తేడా వెంటనే తెలుస్తుంది. మొదట్లో సరిగ్గా ఉండి చివర్లో జారిపోతే బీపీఎం దశాంశం తప్పు. మొదటినుంచీ ఒకే దూరంలో ఉంటే గ్రిడ్ మొత్తాన్ని కొంచెం జరిపితే చాలు. 135 ట్రాకుకి 67.5 అనో, మూడేసి దెబ్బల పెర్కషన్ ఎక్కువైన ట్రాకుకి 90 అనో చూపించినా కంగారు పడక్కర్లేదు, చేత్తో సరిదిద్దండి. వైనైల్ (గ్రామఫోన్ ప్లేటు) నుంచి రికార్డ్ చేసుకున్న ఫైళ్లలో వేగం కొద్దిగా ఊగుతూ ఉంటుంది. వాటికి ఒకే బీపీఎం గ్రిడ్ కుదరదు, చెవితోనే కలపాలి.

ఇక కీ. సాఫ్ట్‌వేర్ చెప్పింది మొదటి అంచనా మాత్రమే. టెక్నోలో అది రెండు రకాలుగా దారి తప్పుతుంది. మొదటిది: స్వరమే లేని డ్రమ్ ట్రాకుకి కూడా ఏదో ఒక కీ అంటగడుతుంది. అలాంటి వాటికి కామెంట్‌లో "కీ లేదు" అని రాసుకోండి. అవి సెట్‌లో ఎక్కడైనా పనికొచ్చే సొత్తు, తప్పుడు అంకె వల్ల వాటిని పక్కన పెట్టకూడదు. రెండోది: ఇంటి స్వరం, అంటే ట్రాకు సా, తప్పుగా పట్టడం. టెక్నోలో ఇంటి స్వరం పక్కనే ఒక సెమీటోన్ పైన ఇంకో స్వరం కొట్టే బాణీ, అంటే ఫ్రిజియన్, చాలా ఎక్కువ. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది తోడి స్వరస్థానాలు. ఈ (E) ఇంటి స్వరంగా ఉన్న ఫ్రిజియన్‌లో వాడే స్వరాలన్నీ ఎ మైనర్‌లోవే. అందుకని సాఫ్ట్‌వేర్ 8ఎ అంటుంది, బేస్ మాత్రం ఈ (E) మీద కూర్చుని ఉంటుంది. అలాంటి ట్రాకును బేస్ మార్చే చోట 9ఎ లాగా, పైన ప్యాడ్‌లు (సాగే స్వరాలు) కలిసే చోట 8ఎ లాగా చూడాలి.

ఇంటి స్వరం పట్టుకోవడానికి మన దగ్గర మంచి సాధనం ఉంది: ఫోన్‌లోని శ్రుతి పెట్టె. ట్రాకును అసలు వేగంలో, పిచ్ సున్నా దగ్గర పెట్టి, బేస్‌లైన్ నడుస్తున్న 8 బార్లను లూప్‌లో వేయండి. శ్రుతిని ఒకటి నుంచి ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోండి. కలిసిన చోట ఊగుడు ఆగిపోతుంది. నాలుగు శ్రుతి అంటే ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఆరు ఎ. ఫోన్ స్పీకర్‌లో అడుగు స్వరాలు వినపడవు కాబట్టి ట్రాకును తప్పనిసరిగా హెడ్‌ఫోన్‌లోనే వినాలి. దొరికిన స్వరాన్ని "బేస్ ఎఫ్" అని కామెంట్‌లో రాయండి. ఒక్కో ట్రాకుకి ఒక నిమిషం పడుతుంది, ఈ నిమిషం దగ్గర పొదుపు చేయకండి.

టెంపో: ఎంత దగ్గరైతే దగ్గర

డెట్రాయిట్‌లో 1980లలో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్‌ల చేతుల్లో రూపు దిద్దుకున్నప్పటి నుంచీ టెక్నో డ్రమ్ మెషిన్ల సంగీతమే, వేగం రాయిలా స్థిరంగా ఉంటుంది. ఇప్పుడు సెట్లు ఎక్కువగా 128 నుంచి 145 మధ్య నడుస్తాయి, గట్టిగా వాయించేవాళ్లు అది కూడా దాటుతారు. స్థిరంగా ఉండటం వల్లే రెండు ట్రాకుల్ని రెండు నిమిషాల సేపు ఒకదాని మీద ఒకటి నిలబెట్టగలం. అంతసేపు నిలబెట్టాలంటే మాత్రం వేగం దశాంశాల దాకా కుదరాలి.

134 బీపీఎంలో ఒక బీట్ 448 మిల్లీసెకన్లు. రెండు ట్రాకుల మధ్య 0.1 తేడా ఉంటే నిమిషానికి 45 మిల్లీసెకన్లు విడిపోతాయి. అప్పుడు రెండు కిక్‌లు రెండు దెబ్బలుగా, గుర్రం పరిగెత్తినట్టు వినిపిస్తాయి. అంతకంటే చిన్న తేడా ఇంకా మోసం చేస్తుంది. 50 హెర్ట్జ్ తరంగానికి ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు, సగం చుట్టు 10. రెండు కిక్‌లు 10 మిల్లీసెకన్ల దూరంలో పడితే ఒకదాని ఎత్తు ఇంకొకదాని పల్లంలో పడి అడుగు మాయమవుతుంది. చెవికి రెండు దెబ్బలు వినపడవు, కిక్ డొల్లగా ఉందని మాత్రమే అనిపిస్తుంది. మిక్స్ చేసేవాళ్లు వెంటనే మిక్సర్‌లో అడుగు స్వరాల నాబ్‌ని, అంటే "లో" నాబ్‌ని, పెంచుతారు, దాంతో పరిస్థితి ఇంకా పాడవుతుంది. సరైన మందు జాగ్ వీల్‌ని (ప్లేయర్ మీద తిప్పే పెద్ద పళ్లేన్ని) వేలి కొనతో కొంచెం తాకడం, లేదంటే ఒక ట్రాకు "లో" నాబ్ పూర్తిగా మూసేయడం.

చేత్తో కలిపేవాళ్లు సీడీజే (డీజే ప్లేయర్) టెంపో రేంజ్‌ని 6 శాతం మీద పెట్టుకోండి. అక్కడ ఫేడర్ ఒక్కో మెట్టు 0.02 శాతం, 134 దగ్గర 0.027 బీపీఎం. 10 శాతం రేంజ్‌లో ఒక్కో మెట్టు 0.05 శాతం, అంటే 0.067 బీపీఎం. ఒక మెట్టు తప్పితే మొదటి దానిలో నిమిషానికి 12 మిల్లీసెకన్లు, రెండో దానిలో 30 మిల్లీసెకన్లు జారుతుంది.

చెవితో కలపడానికి హైహ్యాట్ కంటే క్లాప్ మేలు, అది రెండు, నాలుగు బీట్ల మీద ఒంటరిగా పడుతుంది కాబట్టి తేడా స్పష్టం. కొత్త ట్రాకు ముందుకు పోతోందా వెనకబడుతోందా అన్నది తెలియకపోతే, జాగ్‌ని కావాలని ఒకవైపు తోయండి. తేడా పెరిగితే తోసిన వైపు తప్పు, తగ్గితే ఒప్పు. జాగ్‌తో సరిచేసిన ప్రతిసారీ అదే దిశలో ఫేడర్‌ని ఒక మెట్టు కదపండి. కదపకపోతే 20 సెకన్లలో మళ్లీ అదే పని. సింక్ బటన్ వాడటంలో తప్పేమీ లేదు. అయితే సింక్ కలిపేది గ్రిడ్‌లని. గ్రిడ్ తప్పైతే అది తప్పునే జాగ్రత్తగా కాపాడుతుంది.

వేగం కలిశాక ఫ్రేజ్, అంటే ట్రాకులో ఒక మార్పు నుంచి ఇంకో మార్పు దాకా ఉండే భాగం. టెక్నోలో మార్పులు 16, 32 బార్ల మీద వస్తాయి. 16 బార్లు అంటే 64 బీట్లు. ఆది తాళం వేసే అలవాటున్నవాళ్లకు ఇవి 8 ఆవర్తనాలు, 134 దగ్గర దాదాపు 29 సెకన్లు. కొత్త ట్రాకు మొదటి కిక్ పాత ట్రాకు ఫ్రేజ్ మొదటి బీట్ మీదే పడాలి. ఒక బార్ తప్పినా బ్రేక్‌డౌన్, కిక్ తిరిగి రావడం వేర్వేరు చోట్ల జరుగుతాయి. కీ ఎంత బాగా కలిసినా ఆ తడబాటు దాగదు.

కీ: చక్రం, దాని హద్దు

మార్క్ డేవిస్ రూపొందించిన క్యామెలాట్ చక్రంలో 12 అంకెలు, మైనర్‌లకు ఎ, మేజర్‌లకు బి. టెక్నోలో ఎక్కువగా మైనర్‌లే కాబట్టి ఈ వరస కంఠస్థం చేస్తే చాలు: 1ఎ ఎ ఫ్లాట్ మైనర్, 2ఎ ఈ ఫ్లాట్, 3ఎ బి ఫ్లాట్, 4ఎ ఎఫ్, 5ఎ సి, 6ఎ జి, 7ఎ డి, 8ఎ ఎ, 9ఎ ఈ, 10ఎ బి, 11ఎ ఎఫ్ షార్ప్, 12ఎ సి షార్ప్. ట్రాక్టర్ వాడే ఓపెన్ కీలో ఎ మైనర్ 1ఎమ్ అవుతుంది, అంటే క్యామెలాట్ అంకెలోంచి 7 తీసేయాలి (అంకె 7 లేదా అంతకంటే తక్కువైతే ముందు 12 కలిపి). రెండు పద్ధతుల్నీ ఒకే లైబ్రరీలో కలపకండి.

అదే అంకె, ఒకటి పైన, ఒకటి కింద, అదే అంకెలో మేజర్: ఈ నాలుగూ సురక్షితం. రెండు పైకి వెళ్తే ఒక పూర్తి స్వరం పెరుగుతుంది, ఏడు పైకి వెళ్తే ఒక సెమీటోన్ పెరుగుతుంది. ఈ రెండూ ఉత్సాహాన్ని పెంచుతాయి కానీ పొడవుగా కలపడానికి పనికిరావు. బ్రేక్‌డౌన్‌లో పాత ట్రాకును పూర్తిగా దించేసి కొత్తదాన్ని కిక్‌తో దింపేటప్పుడు మాత్రమే వాడండి. ఎందుకో లెక్క చూడండి. ఎఫ్ అడుగు స్వరం 43.65 హెర్ట్జ్, ఎఫ్ షార్ప్ 46.25. రెండూ కలిసి మోగితే సెకనుకి 2.6 సార్లు ఊగుతాయి. 134 దగ్గర కిక్ సెకనుకి 2.23 సార్లు పడుతుంది. ఊగుడు కిక్‌తో కలవక, దానిమీదుగా అటూ ఇటూ తూలుతుంది. ఎంత పెద్ద స్పీకర్లైతే అంత దారుణంగా వినిపిస్తుంది.

ఇప్పుడు మొదటికి వద్దాం. మాస్టర్ టెంపో లేకుండా పిచ్ 1 శాతం మారితే శ్రుతి 17 సెంట్లు మారుతుంది. దీన్నిబట్టి హద్దులు ఇలా పెట్టుకోవచ్చు. 1 శాతం లోపు తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు. 1.5 శాతం, అంటే 132 ట్రాకును 134కి తెస్తే 26 సెంట్లు. డ్రమ్స్ మీద పర్వాలేదు, సాగే ప్యాడ్ మీద చేదు. 3 శాతం అన్నిటికంటే చెడ్డది. 130 ట్రాకును 134కి తెస్తే 52 సెంట్లు, సరిగ్గా రెండు మెట్ల నడుమ ఇరుక్కుంటుంది, ఏ కీతోనూ కలవదు. 5.9 శాతం దగ్గర మళ్లీ దారి దొరుకుతుంది, ఒక సెమీటోన్ నిండుతుంది కాబట్టి. 126.5లో ఉన్న ఈ (E) మైనర్ ట్రాకు, 9ఎ, 134 దగ్గర ఎఫ్ మైనర్ అవుతుంది. 9కి 7 కలిపి 12 తీసేస్తే 4, అంటే 4ఎ. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ పిచ్ 8 శాతం వరకూ వెళ్తుంది కాబట్టి వైనైల్ వాయించేవాళ్లకు ఇది చేతిలో ఉన్న ఉపాయం.

మాస్టర్ టెంపో వేస్తే శ్రుతి కదలదు. అయితే ఊరికే రాదు, ధ్వనిని ముక్కలుగా కోసి మళ్లీ అతికించే పని అది. కిక్ తొలి దెబ్బ మొద్దుబారుతుంది, రంబుల్ బురదగా మారుతుంది. 3 శాతం వరకూ నిశ్చింతగా వాడండి, 5 దాటితే హెడ్‌ఫోన్‌లో కిక్ ఒక్కటే పెట్టుకుని విని నిర్ణయించండి. మా అలవాటు: స్వరం స్పష్టంగా ఉన్న ట్రాకుకి వేయడం, "కీ లేదు" అని రాసుకున్న డ్రమ్ ట్రాకుకి తీసేయడం. డ్రమ్ ట్రాకు దెబ్బ పదునుగా ఉండాలి, దాని శ్రుతి 30 సెంట్లు జరిగితే ఎవరికీ నష్టం లేదు. సీడీజే-3000లో ఉన్న కీ సింక్‌ని (కీని తనంతట తనే కలిపే బటన్‌ని) ఒక సెమీటోన్ వరకే నమ్మండి, అంతకు మించితే డ్రమ్స్ రంగు మారిపోతుంది.

ఒక మార్పు, బార్ల లెక్కన

ఎ డెక్‌లో (మొదటి ప్లేయర్‌లో) 134 బీపీఎం, ఎఫ్ మైనర్, 4ఎ నడుస్తోంది. దీని బ్రేక్‌డౌన్ మొదలయ్యే చోటికి సరిగ్గా 32 బార్ల ముందు ఇంటి దగ్గరే హాట్ క్యూ (ట్రాకులో పెట్టుకునే గుర్తు) పెట్టుకున్నారు. బి డెక్‌లో 132లో తయారైన సి మైనర్, 5ఎ. దీని బేస్‌లైన్ 33వ బార్‌లో వస్తుంది. అంటే బి మొదటి కిక్‌ను ఎ లోని ఆ గుర్తు మీద వదిలితే, ఎ కిక్ ఆగే క్షణానికి బి బేస్ అందుకుంటుంది.

బి ని 1.5 శాతం పెంచి, మాస్టర్ టెంపో వేసి, హెడ్‌ఫోన్‌లో బీట్ కలపండి. ఇప్పుడు హెడ్‌ఫోన్ మిక్స్ నాబ్‌ని మధ్యలో పెట్టి, ఎ లోని ఇంటి స్వరాన్ని సా గా పట్టుకుని పెదవులు కదపకుండా పాడుతూ, బి లో స్టాబ్ (పొట్టిగా కొట్టే స్వరాల గుంపు) ఉన్న చోటుకి దూకి 8 బార్లు వినండి. బి ఇంటి స్వరం మీ సా కి పా లాగా అనిపించాలి. ఎఫ్ మైనర్‌కీ సి మైనర్‌కీ తేడా ఒకే స్వరం: మొదటిదానిలో డి ఫ్లాట్, రెండోదానిలో డి. ఎ ప్యాడ్‌లో డి ఫ్లాట్ సాగుతుండగా బి స్టాబ్ డి కొడితే, పక్కపక్క అంకెలైనా సరే, గీసుకుంటుంది. అలా వినపడితే రెండింటి మిడ్ (మధ్య స్వరాల నాబ్) ఒకేసారి తెరవకూడదని గుర్తుపెట్టుకోండి.

ఇక ట్రిమ్, అంటే ఛానెల్ ధ్వని మట్టం పెట్టే నాబ్, సంగతి. బి ని దాని బిగ్గరగా ఉండే భాగంలో వాయించి, ఛానెల్ మీటర్ ఎ తో సమానంగా వచ్చేలా పెట్టండి. ఇంట్రోలో కొలిస్తే బేస్ వచ్చాక ట్రాకు మీదపడుతుంది. తర్వాత బి "లో" నాబ్‌ని పూర్తిగా ఎడమకి తిప్పి మూయండి. డీజేఎం-900 రకం మిక్సర్‌లో ఈక్యూ మోడ్ అయితే 26 డెసిబెల్‌లే తగ్గుతుంది, కిక్ కాస్త కారుతుంది. ఐసొలేటర్ మోడ్‌లో పూర్తిగా పోతుంది.

1వ బార్: బి వదలండి, దాని ఛానెల్ ఫేడర్ (ధ్వని పెంచే మీట) ఇంకా కిందే. 1 నుంచి 8: చెవితో తాళం సరిచూసుకుంటూ ఫేడర్ మూడొంతుల దాకా, బి హై (పై స్వరాల నాబ్) మాత్రం, గడియారం ముల్లులా చూస్తే, పది గంటల దగ్గర. 9 నుంచి 16: బి హైహ్యాట్ పైకి, అదే కొలతలో ఎ హై కిందికి. రెండు హైహ్యాట్‌లు పూర్తిగా తెరిచి ఉంచితే సెట్ అంతా ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. 17 నుంచి 32: బి మిడ్ నెమ్మదిగా, ఎ మిడ్ పదకొండు గంటల దాకా తగ్గించండి. అడుగు ఇప్పటిదాకా ఎ దే.

33వ బార్ మొదటి బీట్: రెండు చేతులూ ఒకేసారి, ఎ "లో" నాబ్ మూసి బి "లో" నాబ్ పన్నెండు గంటలకి. ఇది ఒక్క బీట్‌లో జరగాలి. నెమ్మదిగా మారిస్తే మధ్యలో రెండు కిక్‌లూ ఒకేసారి మోగుతాయి. కచ్చితంగా కలిస్తే 6 డెసిబెల్‌ల దాకా పెరిగి మిక్సర్ ఎర్రబడుతుంది, తప్పితే డొల్ల అవుతుంది. ఎ బ్రేక్‌డౌన్‌లోని ప్యాడ్‌ని బి కిక్ మీద 16 బార్లు నడవనివ్వండి. ఈ పద్ధతిలో అందమైన భాగం ఇదే, కీ కలపడానికి పడ్డ శ్రమ ఇక్కడ దక్కుతుంది. 49వ బార్ నుంచి ఎ మిడ్, తర్వాత ఫేడర్ దింపి 64 కల్లా బయటికి. మొత్తం 115 సెకన్లు.

మూడు బ్యాండ్ల (లో, మిడ్, హై) మిక్సర్‌లో "లో" మూసినా బేస్ పై భాగం మిడ్‌లో మిగిలి ఉంటుంది. అడుగు కలిసినా ఏదో బురద వినిపిస్తోందంటే కారణం అదే. అలెన్ అండ్ హీత్ జోన్:92లో నాలుగు బ్యాండ్‌లు ఉంటాయి, "లో" పక్కనున్న బ్యాండ్‌ని విడిగా తగ్గించొచ్చు. మూడు బ్యాండ్లే ఉంటే హై పాస్ ఫిల్టర్‌ని (అడుగు స్వరాలను కోసేది) కొద్దిగా తిప్పండి.

కలవని ట్రాకు కావాలనిపిస్తే

గది కోరుతున్న ట్రాకు 4ఎ కి దూరంగా 10ఎ లో ఉందనుకోండి. దాన్నే వేయండి. తర్వాతి ట్రాకును ఎంచుకునే పని అంకెకి అప్పగిస్తే సెట్ చప్పబడుతుంది. దారులు ఉన్నాయి: ఎ చివర్లో డ్రమ్స్ మాత్రమే మిగిలిన చోట 8 బార్లు లూప్ వేసి దానిమీద కొత్తదాన్ని తెండి. లేదా మధ్యలో "కీ లేదు" ట్రాకును రెండు నిమిషాలు వంతెనగా వేయండి, చెవి పాత సా ని మర్చిపోతుంది. అదీ లేకపోతే కలిపే సమయాన్ని 16 బార్లకి కుదించి, రెండు మిడ్‌లూ ఒకేసారి తెరవకుండా మార్చేయండి.

గంటసేపట్లో 130 నుంచి 136కి ఎక్కాలంటే, ఒక్క ట్రాకే వినిపిస్తున్నప్పుడు, డ్రమ్స్ గట్టిగా ఉన్న చోట, 0.1 చొప్పున పెంచండి. మాస్టర్ టెంపో లేకుండా ప్యాడ్ మీద పెంచితే శ్రుతి జారడం అందరికీ తెలిసిపోతుంది. పెంచాక తర్వాతి ట్రాకు శాతం మారిపోతుంది కాబట్టి పైన చెప్పిన 3 శాతం గుంటలో పడుతోందేమో మళ్లీ చూసుకోవాలి.

వేదిక మీద చివరి జాగ్రత్త బూత్ మానిటర్ గురించి. 10 మీటర్ల దూరంలో ఉన్న పెద్ద స్పీకర్ శబ్దం మీ చెవికి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో బి, గాలిలో ఎ వింటూ కలిపితే మీరు కలిపినదంతా అంత మేర తప్పు. మానిటర్ లేకపోయినా, చెడిపోయినా, రెండు ట్రాకుల్నీ హెడ్‌ఫోన్‌లోకే తెచ్చుకుని, మిక్స్ నాబ్ మధ్యలో పెట్టి, రెండు చెవులూ మూసుకుని కలపండి.